ఆరని పసుపు గీత

“ఈ రోజు కెమెరాల ముందు బ్రేకులు ఫెయిలవ్వాలి. విదేశీ ముఠా ప్లాన్ అది,” అన్నాడు చీఫ్. “ఆ కార్ల కంపెనీని కారుచౌకగా కొట్టేయాలని చూస్తున్నారు. వాళ్ల మనిషి లోపలే ఉన్నాడు. నువ్వు మెకానిక్ వేషంలో వెళ్లు. కారు నడిపేదెవరో తెలుసుగా?”

“తెలుసు సార్. మా అక్క,” అన్నాడు ఏజెంట్.

నిరుడు ఆ కంపెనీ కార్ల బ్రేకులు వరసగా మొరాయించాయి. అక్క కారు డివైడర్ ఎక్కింది. కార్లన్నీ వెనక్కి పిలిచి బాగుచేసినా కొనే నాథుడు లేడు. అందుకే, భయపడ్డ కస్టమర్ చేతే నడిపించి గోడ ముందు ఆపించే ఈ టెస్ట్ డ్రైవ్. అక్క ససేమిరా అంది. “మా ఇన్సూరెన్స్ ఆఫీసులో కనుక్కున్నానక్కా, భయం లేదు” అని ఒప్పించింది తనే. అక్కకి తెలిసినంతవరకు అతనిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం.

ట్రాక్ మీద కంపెనీ పబ్లిసిటీ ఆఫీసరు నల్ల కళ్లజోడుతో నవ్వుతూ వచ్చింది. ఇటు చీఫ్‌కీ అటు ముఠాకీ పనిచేసే మనిషి. ఆమె మాట సగమే నమ్మమన్నాడు చీఫ్.

“వాన పడేలా ఉంది.”

“గొడుగు తేలేదు,” అన్నాడు ఏజెంట్. కోడ్ కలిసింది.

“కుడివైపు ముందు చక్రం. గీత ముట్టుకుని చూడు,” అని గొణిగిందామె.

బ్రేకు బోల్టు బిగించాక మెకానిక్‌లు దాని మీదుగా పసుపు రంగు గీత గీస్తారు. బోల్టు కదిలితే గీత తెగుతుంది. పొద్దున చూశాడు, తెగలేదు. అక్క ఇంజిన్ స్టార్ట్ చేసింది, మైకులో అంకెలు మొదలయ్యాయి. ఐదు... నాలుగు... అతను చక్రం సందులోకి చెయ్యి దూర్చాడు. వేలికి పసుపు అంటింది. నెలల కిందటి గీత ఇంకా ఆరకపోవడమేమిటి? ఎవరో బోల్టు వదులుచేసి కొత్త గీత గీశారు!

“అక్కా! ఇంజిన్ ఆపెయ్!”

పెట్టుడు మీసం ఊడింది. “ఒకటి” అనేలోపు, ఆ గొంతు గుర్తుపట్టిన అక్క తాళం తిప్పేసింది.

బోల్టు రెండు వేళ్లతోనే తిరిగింది. బ్రేక్ ఆయిల్ కారింది. పక్కనే ఉన్న ఫోర్‌మన్ మెల్లగా చేతులు జేబుల్లోకి దోపుకోబోయాడు. ఏజెంట్ అతని మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు. బొటనవేలి గోటికింద అదే పసుపు.

కెమెరాల ముందే ఏజెంట్ బోల్టు బిగించి, కారిన ఆయిల్ మళ్లీ నింపి, కొత్త గీత గీశాడు.

“నువ్వూ ఎక్కరా,” అంది అక్క.

గోడ మీదికొస్తుంటే అతను కళ్లు మూసుకుని సీటుబెల్టు రెండు చేతులా పట్టుకున్నాడు. కారు జానెడు దూరంలో ఆగింది.

“ఈ కారుని నమ్మొచ్చు,” అని అక్క కెమెరాలకి చెప్పింది. కాలర్‌కి అంటుకున్న మీసం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

“నిన్ను మాత్రం ఇక చచ్చినా నమ్మను. ఇన్సూరెన్స్ ఆఫీసట, ఇన్సూరెన్స్ ఆఫీసు!”