బాంగ్ క్రచావ్‌లో నాలుగు సైకిళ్ళు

తెల్లవారేసరికి సిత్తా శవం కాలువలో, నీటితాటి పొదల మధ్య బోర్లా తేలుతూ కనిపించింది. అతని సైకిల్ మాత్రం బాట మీద స్టాండ్ వేసి బుద్ధిగా నిలబడి ఉంది.

పోలీసులు ప్రమాదం అన్నారు. నమ్మడానికి తేలికైన మాటే. బాంగ్ క్రచావ్ చిత్తడిలో ఆ కాంక్రీటు బాట ఒక్క చిన్న బండి పట్టేంత ఇరుకు. పక్కన కమ్మీ ఉండదు. టూరిస్టులు పడుతూనే ఉంటారు, ఊరివాళ్ళు తిట్టుకుంటూ పైకి లాగుతూనే ఉంటారు. కానీ జారిపడే మనిషి ముందు దిగి, స్టాండ్ వేసి, ఆ తర్వాత పడడు. పైగా సిత్తా మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, దోమకాటంత చిన్న మచ్చ ఉంది. మార్చురీలో విచియన్ ఆ మచ్చ చూశాడు. సిత్తా, అతనూ గూఢచారి శాఖలో ఒకే బ్యాచ్.

“పడవలో ఏడవకు. జనం చూస్తారు,” అన్నాడు కర్నల్ ప్రయూన్.

ఇద్దరూ క్లోంగ్ తోయి రేవు నుంచి అవతలి గట్టుకు పోయే పడవలో ఉన్నారు. కర్నల్ మోకాళ్ళ మీద దురియన్ పండు పెట్టుకుని, బజారు నుంచి ఇంటికి పోతున్న తాతలా కూర్చున్నాడు. వెనక క్రేన్లు, గిడ్డంగులు, అద్దాల మేడలు. ఎదురుగా పచ్చటి అడవి. నది ఆ అడవి చుట్టూ మెలిక తిరుగుతుంది. మెలికకు అటుపక్క గట్టునే ఆయిల్ ట్యాంకులు.

“నీటికాకి ముఠా,” అన్నాడు కర్నల్ గొంతు తగ్గించి. “ఏ దేశానికీ చెందినవాళ్ళు కాదు, ఎవరు డబ్బిస్తే వాళ్ళ పని చేస్తారు. ఒడ్డు మీద కూర్చుని ఓడ చుక్కానిని తమ చేతిలోకి తీసుకునే ట్రాన్స్‌మిటర్ వాళ్ళ దగ్గరుంది. గ్యాస్ ఓడ ఒకటి మెలిక దగ్గర ఆ ట్యాంకులకు గుద్దుకుంటే...”

“క్లోంగ్ తోయి మిగలదు.”

“మీ బాంగ్ క్రచావ్ కూడా మిగలదు. రోడ్డు మీద ప్రతి బండినీ సోదా చేస్తున్నాం. సైకిళ్ళ మీద తిరిగే టూరిస్టుల్ని ఎవరు సోదా చేస్తారు? వాళ్ళు ట్రాన్స్‌మిటర్‌ని తిప్పేది అలాగేనని సిత్తా గైడ్ వేషంలో కనిపెట్టాడు. ఈ రోజు అతని బదులు నువ్వు. పేరు టోన్.”

“ఓడల్ని ఆపించెయ్యొచ్చుగా సర్?”

“ఏ రోజో, ఏ ఓడో తెలీదు. నదికి తాళం వెయ్యలేం.” కర్నల్ సంచిలోంచి ఒక సైకిల్ గంట తీసి ఇచ్చాడు. “ట్రాన్స్‌మిటర్ దగ్గరికొస్తే దీని మూత వణుకుతుంది. చప్పుడు రాదు, నీ బొటనవేలికే తెలుస్తుంది. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ పేరు ‘కలువ’. ముఖం సిత్తాకొక్కడికే తెలుసు. మిణుగురుల గురించి అడుగుతారు.”

“సిత్తా చావకముందు ఆ కోడ్ వాళ్ళకు చెప్పేసి ఉంటే?”

పడవ గట్టుకు తగిలింది. కర్నల్ దురియన్ ఎత్తుకుని లేచాడు. “అందుకే వెనక్కి చూసుకుంటూ తొక్కు,” అన్నాడు.

గైడ్‌కు అదే కుదరదు. గైడ్ ముందు పోవాలి, వీపు అందరికీ అప్పజెప్పి.

ఆ రోజు టూరుకు ముగ్గురే వచ్చారు. పక్షుల ఫొటోలు తీస్తానంటూ లోరెంజ్, ఎండలో కాలిన మెడ, భుజాన పొడవాటి సంచీ. అతని దుబాసీనని చెప్పుకున్న దారిన్. తెల్లటోపీ, ఎర్రటి లిప్‌స్టిక్, రేవులో తాళ్ళు కట్టేవాళ్ళు కూడా పని ఆపి చూసేంత అందం. మూడో ఆవిడ మిసెస్ వెస్టర్. ముగ్గుబుట్టలాంటి తల, మోకాలికి కట్టు, సైకిల్ బుట్టలో పెద్ద స్టీలు ఫ్లాస్కు.

“నెమ్మదిగా పోనీ నాయనా,” అంది ఆవిడ స్వచ్ఛమైన థాయిలో. “ఈ ముసలి ఎముకలకు తొందర లేదు.”

నాలుగు సైకిళ్ళు వరసగా బాటెక్కాయి. రెండు పక్కలా చిత్తడి. నీటితాటి మట్టలు పైన కలుసుకుని ఆకాశాన్ని మింగేశాయి. గాలి ఆడటం లేదు. దూరంగా ఎక్కడో ఉరుము. విచియన్ పుట్టి పెరిగిన చోటే అది, అయినా ఆ నిశ్శబ్దం అతనికి కొత్తగా ఉంది. వెనక చైను కిర్రుమన్నప్పుడల్లా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ఒక మలుపులో మనిషి పొడవున్న నీటి ఉడుము బాటకు అడ్డంగా పడుకుంది. మిసెస్ వెస్టర్ దాని థాయి పేరు గట్టిగా పలికింది.

“ఆ మాట అనకండి బామ్మగారూ, మా దగ్గర అది బూతు. బంగారం అంటాం.”

“ఎంత ముచ్చట! శవాలు తినేదాన్ని బంగారం అనడం!” అని ఆవిడ మురిసిపోయింది.

ఉడుము జారిపోయాక దారిన్ సైకిల్ ముందుకొచ్చింది. “గైడ్ గారూ, ఇక్కడ మిణుగురులు ఏ చెట్టు మీద వాలతాయి?”

విచియన్ తల తిప్పకుండా జవాబిచ్చాడు. “లంఫూ చెట్టు మీదండీ. ఈ ఏడు ఇంకా రాలేదు.”

“వస్తాయి లెండి. వాన పడనివ్వండి.” కోడ్ సరిగ్గా సరిపోయింది. ఆమె పెదవులు కదపకుండా ఇంకో మాట అంది: “ఫొటోగ్రాఫర్ని చూసుకో.” వెంటనే వెనక్కి తగ్గిపోయింది.

కాలువలో పడవల మీద తేలే బజారు దగ్గర నూడుల్స్ తినడానికి ఆగారు. విచియన్ ఏదో సర్దే నెపంతో తన సైకిల్‌ని లోరెంజ్ సంచీకి ఆనించి గంట మీద బొటనవేలు పెట్టాడు. ఏమీ లేదు. తోసుకుంటూ మిసెస్ వెస్టర్ బుట్ట పక్కకొచ్చాడు. గంట మూత, గుప్పిట్లో పట్టుకున్న తేనెటీగలా వణికింది.

ఫ్లాస్కు!

మరి దారిన్ ఫొటోగ్రాఫర్ని చూడమంది. అంటే దారి తప్పించింది. అంటే సిత్తాను అమ్మేసింది ఈమేనా?

సరిగ్గా అప్పుడు వెనక నుంచి మూడు చక్రాల బండి హారన్ మోగింది.

“ఒరేయ్ విచియన్! నువ్వేనట్రా?”

బుప్ఫా పిన్ని. బండి నిండా కొబ్బరికాయలు. అతను కళ్ళతో వద్దన్నాడు. ఆవిడకు కళ్ళ భాష ఎప్పుడూ రాలేదు.

“గవర్నమెంటు ఆఫీసులో పెద్ద ఉద్యోగమని మీ అమ్మ ఊరంతా టాంటాం వేసిందే! ఇప్పుడు తెల్లోళ్ళను సైకిళ్ళ మీద తిప్పుతున్నావా? ఉద్యోగం ఊడిందా? లేక ఇదీ గవర్నమెంటు పనేనా?”

“నన్ను చూసి ఎవరో అనుకుంటున్నావు పిన్నీ,” అన్నాడు విచియన్.

“ఓహో! పిన్నీ అంటూనే ఎవరో అంటున్నాడు చూడండమ్మా!” అని పకపకా నవ్వి, బండి దూకించుకుంటూ పోయింది.

మిసెస్ వెస్టర్ చెంచా కింద పెట్టి, రుమాలుతో మూతి తుడుచుకుంది. “ఆప్యాయత గల మనిషి,” అంది. “పద టోన్. నది చూద్దాం.”

అక్కడి నుంచి వరస మారింది. లోరెంజ్ సరిగ్గా విచియన్ వెనక చేరాడు. మబ్బు కమ్ముకుంది. బాట చివర ఎవరూ వాడని పాత చెక్క రేవు, దాని కింద పోటెత్తుతున్న నీళ్ళు. మెలిక తిరగడానికి వస్తోంది ఎర్రటి గ్యాస్ ఓడ, నదికి గోడ కట్టినట్టు.

మిసెస్ వెస్టర్ తాపీగా ఫ్లాస్కును రేవు చెక్క కమ్మీకి ఆనించి, సైకిల్ గొలుసుతో బిగించి తాళం వేసింది. తాళంచెవి నదిలోకి విసిరింది. మూత తిప్పగానే లోపల్నుంచి సన్నటి తీగ పైకి లేచింది.

“దీనికి ఆపే మీట పెట్టించలేదు, విచియన్. మీటలుంటే మనుషులు మనసు మార్చుకుంటారు,” అంది. ఆ గొంతులో ఇప్పుడు బామ్మ లేదు. తన సంచిలోంచి చిన్న పిస్టల్ తీసి దారిన్‌కు అందించింది. “ఆ రోజు సిత్తాను లోరెంజ్ చూసుకున్నాడు. నువ్వు పక్కన నిలబడ్డావు. ఈ రోజు నీ వంతు. ఒకటే గుండు ఉంది, వృథా చెయ్యకు.”

దారిన్ పిస్టల్ ఎత్తింది. విచియన్‌కు ఆమె కళ్ళలో ఏమీ కనిపించలేదు, చావు తప్ప. వెనక చెక్కపలక కిర్రుమంది. అప్పుడు తట్టింది. ఫొటోగ్రాఫర్ని చూసుకో. ట్రాన్స్‌మిటర్ కోసం కాదు. మెడ కోసం!

అతను చటుక్కున వంగాడు. గుండు చెవి పక్కనుంచి దూసుకుపోయి వెనక ఉన్న లోరెంజ్‌కు తగిలింది. చేతిలో సూదితో లోరెంజ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కడ రేవు లేదు.

“పాపం, తెలివైన పిల్లవనుకున్నాను,” అంది మిసెస్ వెస్టర్. తిరిగి చూడకుండా సైకిలెక్కింది. మోకాలి కట్టు ఆమెకు ఏమాత్రం అడ్డం రాలేదు.

ఓడ ముక్కు అప్పటికే తిరుగుతోంది. మెలిక వైపు కాదు, ట్యాంకుల వైపు. దాని కూత నదంతా పరుచుకుంది. అవతలి గట్టు మీద మనుషులు పరుగెడుతున్నారు.

విచియన్ గొలుసు లాగాడు, తెగలేదు. ఫ్లాస్కును రాయితో కొట్టాడు, సొట్ట కూడా పడలేదు. తీగను వంచి లాగినా విరగలేదు. “నీళ్ళు!” అని అరిచింది దారిన్. “నీళ్ళలోంచి సిగ్నల్ పోదు!”

తాళం గట్టిదే. కమ్మీ పుచ్చింది. విచియన్ భుజంతో గుద్దాడు. రెండోసారి గుద్దేసరికి కమ్మీ, గొలుసు, ఫ్లాస్కు, అతనూ కలిసి నదిలో పడ్డారు. చెక్క తేలాలని చూసింది. అతను దాని మీద పడి, కాళ్ళు బురదలో దిగేసి, ఫ్లాస్కును కడుపుకు హత్తుకుని కిందికి అణిచాడు. ఊపిరి అయిపోయింది. చెవుల్లో హోరు. పైకి లేస్తే తీగ కూడా పైకి లేస్తుంది. చేతులు సడలుతున్నాయి.

ఇంకో రెండు చేతులు వచ్చి ఫ్లాస్కును పట్టుకున్నాయి. దారిన్ అతన్ని పైకి నెట్టి, తను కింద ఉండిపోయింది. అతను గాలి మింగి మళ్ళీ మునిగాడు. ఆమె లేచింది. మళ్ళీ ఆమె, మళ్ళీ అతను.

అతను చివరిసారి తల పైకెత్తినప్పుడు ఎర్రటి ఇనుప గోడ ట్యాంకుల గట్టును దాదాపు రాసుకుంటూ, మూలుగుతూ, మెల్లగా నది మధ్యకు మళ్ళుతోంది. దాని అల ఇద్దర్నీ ఎత్తి బురదలో పడేసింది.

బాట వైపు నుంచి బుప్ఫా పిన్ని గొంతు వినబడింది. “ముందు నేనొచ్చాను! కొబ్బరి బండికి రివర్సు లేదు! గంట కొడితే ఎగిరిపోతానా? అయ్యయ్యో... చెప్తే విన్నావా బామ్మా! కదలకు, కదిలితే ఇంకా దిగిపోతావు. ఇక్కడ బంగారాలు తిరుగుతుంటాయి కూడాను.”

పోలీసు బోట్లు వచ్చేదాకా మిసెస్ వెస్టర్ నడుం లోతు బురదలో నిశ్చలంగా ఉండిపోయింది.

రేవు మీద దారిన్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. లిప్‌స్టిక్ లేదు, టోపీ లేదు. “సిత్తా నన్ను చూశాడు, సూది దిగేముందు,” అంది. “నేను అరిస్తే ఇద్దరం పోయేవాళ్ళం. తల అడ్డంగా ఊపాడు, వద్దని. నేను కళ్ళు మూసుకోలేదు. అతను ఒంటరిగా పోకూడదని.”

విచియన్ తడిసిన చొక్కా విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. వాన మొదలైంది.

కర్నల్ బోటు దిగి వచ్చి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

“ఓడ కెప్టెన్‌కు అసలేమీ తెలీదు,” అన్నాడు. “చుక్కాని మొండికేస్తే తన నైపుణ్యంతోనే ఓడను కాపాడాననుకుంటున్నాడు. రేవువాళ్ళు రేపు అతనికి సన్మానం పెట్టారు. పూలదండ, బ్యాండు మేళం, అన్నీ.”

“మరి మనం సర్?”

“చప్పట్లు కొట్టాలి. గట్టిగా. వెనక వరసలో కూర్చుని.”

దారిన్ జుట్టులోంచి నాచు తీసి పారేసింది. “వెనక వరసయితే నేనూ వస్తాను,” అంది. “వీపు వెనక ఎవరూ ఉండరు.”