విమానం మీది గాజుమూత

చెక్క విమానం బొమ్మలు చెక్కడం మావయ్య పని, రంగులు వేయడం నాది. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది ఆయనే. నోరు పెద్దదే గానీ మనసు వెన్న. ఆయన తప్ప నాకు ఎవరూ లేరు.

ఒకరోజు యుద్ధవిమానం బొమ్మ చేసిమ్మని అడిగింది ఒక ముసలావిడ. పాత యుద్ధంలో ఆమె అన్న అలాంటి విమానమే నడిపాడట. అది సముద్రంలో పడినప్పుడు, నడిపేవాడి తలపై ఉండే గాజుమూత తెరుచుకోక లోపలే ఉండిపోయాడట.

"మూత మాత్రం తెరిచే ఉంచండి బాబూ. మా అన్నయ్య బయటికి రావాలి" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

మావయ్య వింటేగా! ఏ బొమ్మకైనా చివర్లో జిగురు పెట్టి మూత బిగించడం ఆయన అలవాటు. దీనికీ అంతే చేశాడు.

"ఆవిడ వద్దంది కదా మావయ్యా!"

"చాల్లేవే. లోపల దుమ్ము పడితే మళ్ళీ నా పీకే పట్టుకుంటుంది. చచ్చినోడు లేచొస్తాడా ఏంటి?"

ఆవిడ వస్తానన్న సాయంత్రం ముసురు పట్టింది. మావయ్య వార్నిష్ డబ్బా కోసం వెనక కొట్టుగదిలోకి వెళ్ళాడు. ఆ గదికి కిటికీ లేదు. తలుపుకి గడియ కూడా లేదు, ఏదైనా అడ్డం పెడితేనే మూసుకుని ఉంటుంది.

కరెంటు పోయింది. చెక్కపొట్టు వాసనలోకి ఉప్పునీటి వాసన వచ్చి చేరింది. మా దరిదాపుల్లో ఎక్కడా సముద్రం లేదు.

టక్... టక్... టక్.

వాన చినుకులనుకున్నాను. చెవి రిక్కించి విన్నాను. చప్పుడు బల్ల మీదున్న బొమ్మలోంచే వస్తోంది. గాజుమూతకి లోపలివైపు ఆవిరి పట్టింది. ఆవిరి మీద ఒక గీత పడింది. ఇంకోటి... గోటితో గీకినట్టు.

భయం కంటే జాలే ఎక్కువ వేసింది. చాకుమొనతో మూత ఊడదీసి బల్ల మీద పెట్టాను. లోపల ఎవరూ లేరు. సీటు మాత్రం తడిగా ఉంది.

అప్పుడు కనిపించాయి, బల్ల మీద తడి అడుగులు. మొదట చీమ తలంత. బల్ల అంచుకి వచ్చేసరికి బొటనవేలంత. నేల మీద... మనిషివి. అవి వీధి వైపు వెళ్ళలేదు. కొట్టుగది వైపు వెళ్ళాయి.

తలుపు దభాలున మూసుకుంది.

"ఎవరే తలుపు బిగించింది? తియ్యవే... నీళ్ళొస్తున్నాయే..."

గడియ లేని తలుపు! భుజంతో గుద్దాను. కాలితో తన్నాను. లోపల్నుంచి టక్... టక్... టక్.

చప్పుడు ఆగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. నేల పొడిగా ఉంది. వార్నిష్ డబ్బా ఉంది. మావయ్య లేడు.

ఏడుస్తూ బల్ల దగ్గరికి పరుగెత్తాను. నేను ఊడదీసిన మూత మళ్ళీ బొమ్మ మీద బిగిసి ఉంది. లోపల ఆవిరి పడుతోంది.

చాకు అందుకున్నాను. వెనకనుంచి ఎవరిదో చల్లటి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ముసలావిడ. గుమ్మం దగ్గర ఆవిడ అడుగుల పక్కనే ఇంకొకరి తడి అడుగులు.

"ఇక తెరవకమ్మా" అంది మెల్లగా. "దుమ్ము పడుతుంది."

టక్... టక్...