ఏడువందల నలభై సీట్లు

"ఇరవై తక్కువ తెచ్చారండీ."

ఆమె గొడుగు ఇంకా ముడవనే లేదు. మెడలో టేపు, భుజం మీద సీటు కవర్ల ఆఖరి మూట, ముక్కు మీద వాన చుక్క. ఆ అవతారంలో వచ్చిన మనిషిని హాలు మేనేజరు పలకరించిన తీరు అది!

పది రోజులుగా "టేపు గారూ, టేపు గారూ" అంటూ వెనకాలే తిరిగినవాడు. ఇవాళ చేతిలో కాగితం, మొహంలో పరీక్ష హాలు సూపర్‌వైజరు.

"మీరిచ్చిన చీటీ చూసే కదా కుట్టాను? ఏడువందల నలభై."

"ఏడువందల అరవై కావాలి. పొద్దున లెక్క చూసుకున్నా. మీ పిన్నిగారికి ఫోన్ చేసి చెప్పేశా కూడా."

"చెప్పేశారా!"

ఇది పిన్ని కుట్టు షాపులో రెండేళ్ళు బొత్తాలు కుట్టాక, తనను నమ్మి అప్పగించిన మొదటి పెద్ద పని. "తేడా వస్తే మళ్ళీ బొత్తాల దగ్గరికే" అని పిన్ని ముందే చెప్పింది. ఆవిడ వేళాకోళానికి మాట్లాడే మనిషి కాదు. పైగా ఒకేసారి రంగు అద్దించిన ఎర్ర గుడ్డ, మళ్ళీ అదే ఛాయ రాదు. మిగిలింది జేబురుమాలంత. రేపే హాలు తెరవడం.

"పదండి, సీట్లు లెక్కపెడదాం."

"మూడు వరసల వెనకంతా రంగు తడండీ. పెయింటర్లు గుడ్డలు కప్పేశారు. అడుగు పెడితే నన్ను చంపేస్తారు."

"పెట్టకపోతే నేను చంపుతా."

అతను బుద్ధిగా చీటీ అందించాడు. మొదటి వరసలో పద్దెనిమిది సీట్లు. వెనక్కి వెళ్ళేకొద్దీ వరసకి రెండేసి ఎక్కువ. ఇరవై వరసలు.

"చివరి వరసలో ఎన్నంటారు?"

"యాభై ఎనిమిది. పద్దెనిమిదికి ఇరవై రెళ్ళు నలభై కలిపా. మొదటిదీ చివరిదీ కలిపితే డెబ్బై ఆరు. రెండోదీ చివరి నుంచి రెండోదీ కలిపినా అంతే. అలా పది జతలు. ఏడువందల అరవై. కాలేజీలో లెక్కల్లో నేనే ఫస్టు తెలుసా?"

జతల పద్ధతి సరిగ్గానే ఉంది. అందుకే ఆమెకి ఇంకా భయమేసింది. తప్పు తనదేనా? రంగు వాసనలో తల దిమ్మెక్కుతుంటే కళ్ళెదుట ఉన్న మూడు వరసలనే చూస్తూ నిలబడింది.

"మీ లెక్కలో మూడో వరసకి ఎన్నొస్తాయి?"

"పద్దెనిమిదికి మూడు రెళ్ళు ఆరు... ఇరవై నాలుగు."

"లెక్కపెట్టండి."

అతను టార్చి వేసి లెక్కపెట్టాడు. ఆగాడు. రెండో వైపు నుంచి మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇరవై రెండే ఉన్నాయేంటి? ఎవరో రెండు పట్టుకెళ్ళారు!"

"ఎవరూ పట్టుకెళ్ళలేదు మహానుభావా! మొదటి వరసకి కూడా రెండెందుకు కలిపారు? పెరగడం రెండో వరస నుంచి కదా? ఇరవై వరసలైతే పందొమ్మిదిసార్లే పెరుగుతాయి. చివరిది యాభై ఆరు. పద్దెనిమిదితో కలిపితే డెబ్బై నాలుగు, పది జతలు..."

"ఏడువందల నలభై," అన్నాడతను, నీళ్ళు నములుతూ.

ఆమె అక్కడే ఉన్న బోడి సీట్లో కూలబడింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది, దాంతోపాటు కొంచెం ఏడుపూ వచ్చింది. రెండూ తుడుచుకుని ఫోన్ అతని చేతికిచ్చింది.

"స్పీకర్ పెట్టి మా పిన్నికి మీరే చెప్పండి."

"పిన్నిగారూ, తప్పు నాదేనండీ. కవర్లు లెక్కగా ఉన్నాయి. మీ అమ్మాయి లెక్క బంగారం."

"హమ్మయ్య! అది లెక్క తప్పదని నాకు తెలుసులే," అంది పిన్ని, తెలియనివాళ్ళు వదిలినంత గట్టిగా ఊపిరి వదిలి. "అవునుగానీ బాబూ, పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశావు. ఒకసారి లెక్కకి. మిగతా మూడుసార్లూ 'ఆవిడే తెస్తారా, ఆవిడే తెస్తారా' అని. ఎవరు తెస్తే నీకేంటి?"

టార్చి చేతిలోంచి జారింది. దాన్ని వెతికే వంకతో అతను సీట్ల కిందకి దూరిపోయాడు.

"బయటికి రండి," అందామె.

"రాను. ఇక్కడ్నుంచే చెప్తా. పిన్నిగారూ, ఆవిడ తేకపోతే నాకు తోచదండీ. ఆ కంగారులోనే లెక్క తప్పింది."

ఆమె వంగి, సీటు కిందున్న ఎర్రబడ్డ చెవిని చూసింది.

"కవర్లు తొడగడానికి నాకు మనిషి కావాలి. లెక్కపెట్టనని మాటిస్తే రండి."

"ఒట్టు!"

"ఫోన్ నన్ను పెట్టేయమంటారా," అడిగింది పిన్ని, "ఇంకా ఏమైనా ఉందా?"