గీత వాలిన వైపు

ఆల్ప్స్ కొండల మీంచి వెచ్చగాలి దిగిన రోజున మ్యూనిక్‌లో సగం మందికి తలనొప్పి, తక్కిన సగానికి పగటికలలు. వ్యంగ్య చిత్రకారుడు గుండోల్ఫ్ రెస్నర్‌కు రెండూ పట్టుకున్నట్టున్నాయి. తూలుతున్నట్టు వచ్చి, డిటెక్టివ్ హాబెర్ల్ బల్ల మీద ఒక వారపత్రిక పడేశాడు.

ముఖచిత్రంలో చక్రవర్తి కొయ్యగుర్రమెక్కి సముద్రాన్ని చెంచాతో కొలుస్తున్నాడు. కింద రెస్నర్ సంతకం.

"నాలుగింటికి పోలీసులు ప్రెస్సుకొస్తారండీ. రాజదూషణ! ఆర్నెల్లు కోట జైలు! ఇది గీసినట్టు నాకు గుర్తులేదు. కానీ ఈ కల నాకొచ్చింది. నిద్రలో లేచి గీసేశానేమో!"

"కల ఎవరికైనా చెప్పారా?"

"కాఫీ దగ్గర మా చెల్లెలు అపొలోనియాకి చెప్పాను. ప్రెస్సు యజమాని స్ట్రోబ్ల్ కూడా అక్కడే ఉన్నాడు."

ఒకప్పుడు తన బొమ్మలతో మంత్రులకు నిద్ర లేకుండా చేసిన మనిషి, మూడేళ్లుగా బీరు పీపాల పక్కన లావుపాటి సన్యాసుల్ని గీస్తున్నాడు. భయం అలవాటైతే అంత సులువుగా వదలదు, పాపం.

హాబెర్ల్ సహాయకురాలు, మాజీ పంతులమ్మ వాల్‌బుర్గా పాత సంచికలు పరిచింది. "చూడండి, రెస్నర్ గారి నీడగీతలన్నీ ఎడమకి వాలాయి. ఈ బొమ్మలో మాత్రం కుడికి."

"మీ కళ్లుంటే నాకు భూతద్దమెందుకమ్మా!" అన్నాడు హాబెర్ల్. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ముగ్గురూ ప్రెస్సుకెళ్లేసరికి అక్కడ సిరా వాసన కలలా కమ్ముకుంది. స్ట్రోబ్ల్ చిరాగ్గా ఉన్నాడు.

"ఈ బొమ్మ గీసిన అచ్చురాయి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అనడిగాడు హాబెర్ల్.

"ఎప్పట్లాగే ఆయనింటి నుంచే, గుడ్డ కప్పి. నాకు గుండ్రంగా సున్నా చుట్టడం కూడా రాదు మహానుభావా, నన్నొదిలెయ్!"

అన్న కోసం ప్రెస్సుకొచ్చిన అపొలోనియా అందరికీ కాఫీ తెచ్చింది. బరువైన కూజాను ఎడమచేత్తోనే తొణక్కుండా వంచింది. హాబెర్ల్ ఆ చేతినే చూస్తూ అందర్నీ కూర్చోమన్నాడు.

"రెస్నర్ గారు కుడిచేత్తో నేరుగా రాతి మీద గీస్తారు. కుడిచేతికి సహజంగా కుడికి వాలే గీత అచ్చులో తిరగబడి ఎడమకి వాలుతుంది. దీంట్లో కుడికి వాలిందంటే, గీసింది ఎడమచేయి. నిద్రలో నడిచినా మనిషికి చేయి మారదండీ. కల తెలిసిన ఇద్దరిలో స్ట్రోబ్ల్‌కి బొమ్మ రాదు. ఇక మిగిలింది మీరేనమ్మా."

అపొలోనియా తల దించుకోలేదు.

"నీ కలలన్నీ వంటింట్లోనే చచ్చిపోతుంటే చూళ్లేకపోయానన్నయ్యా. నీ పేరు మళ్లీ ఊళ్లో వినబడాలనుకున్నాను. జైలంటే... అంత దూరం ఆలోచించలేదు. నేనే చెప్పేస్తాను వాళ్లకి."

రెస్నర్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తనకంటే బాగా గీసింది. గర్వంతో, సిగ్గుతో ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

నాలుగు కొట్టింది. మెట్లెక్కి వచ్చిన పోలీసు అధికారి పత్రిక పైకెత్తాడు. "ఎవరి పని ఇది?"

"నాదే," అన్నాడు రెస్నర్. ఒకడుగు ముందుకేశాడు.

అధికారి హాబెర్ల్ వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"నన్ను పెట్టుకున్నది ఆయన. ఆయన మాటకి నా మాట అడ్డురాదు."

వాల్‌బుర్గా గబుక్కున కళ్లద్దాలు తుడుచుకుంది. అపొలోనియా నోరు తెరవబోతే రెస్నర్ ఆమె భుజం నొక్కాడు.

"ఆర్నెల్లు పత్రికకి బొమ్మలు ఆగకూడదు. స్ట్రోబ్ల్, రాళ్లు దీని దగ్గరికి పంపు. ఇకనుంచి కింద నీ పేరే పెట్టుకోవే పిచ్చిదానా," అని పోలీసుల కంటే ముందు తనే మెట్లు దిగాడు.