పెద్ద అంకె, చిన్న కండె

జ్యోతిలక్ష్మి బడి నుంచి వచ్చేసరికి బల్ల మీద మానిటర్ ఒక్కటే ఉంది. గుమ్మం దగ్గర నాయన నాగన్న కంప్యూటర్ పెట్టెను దుప్పటిలో చుట్టి తాడు కడుతున్నాడు.

"ఇప్పుడేనా నాయనా?" అంది జ్యోతి.

"ఇప్పుడే. కంప్యూటర్ అంగడి శ్రీకాంత్ ఫోన్ చేసినాడు. పాతది తీసుకునేటోడు వచ్చిండాడంట. ఇది ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందాం. నువ్వు చెప్పిందే కదా!"

అవును, చెప్పింది ఆమే. ధర్మవరంలో నాగన్న పట్టుచీరల కొంగులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీస్తాడు. పోయిన వారం పేపర్లో కొత్త కంప్యూటర్ ప్రకటన చూసి, "మనది 1.2 గిగాహెర్ట్జ్. ఇది 1.7. అంకె పెద్దదైతే వేగం ఎక్కువ, అంతే!" అని జ్యోతి తేల్చేసింది. బడిలో కంప్యూటర్ క్లాసు ఉన్న పిల్ల మాట! నాయన మురిసిపోయి వీధంతా చెప్పుకున్నాడు. అందరూ ఆమెను "కంప్యూటర్ మేడమ్" అనసాగారు. ఆ పిలుపు జ్యోతికి భలే నచ్చింది.

కానీ ఇవాళ బడిలో అన్నం తింటుంటే స్నేహితురాలు హేమ ఏమంది? "మా ఇంట్లో ఆ 1.7దే తెచ్చినారు. పెద్ద బొమ్మలో రంగు నింపితే ఆగి ఆగి పోతాంది. మా మామ పాతదే నయమంటాడు."

అప్పటి నుంచి జ్యోతికి ముద్ద దిగలేదు.

ఇంతలో మగ్గం దగ్గర్నుంచి అమ్మ ఓబమ్మ కేకేసింది. "ఏం కండెలు చుట్టినావే పొద్దున? ఆటకు పోవల్లని ఇంతింతే దారం చుట్టి పోయినావు. నేను ఎంత జోరుగా నేసినా, నాడెలో కండె ఊరికూరికే అయిపోతాంది. నేసేదానికంటే ఆగేదే ఎక్కువైపోయింది!"

కండె అంటే, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు చుట్ట. జ్యోతి తల దించుకుని నాయన వెనక మోపెడ్ ఎక్కింది.

దారంతా ఒకటే గుబులు. చెబితే వీధిలో పరువు పోతుంది. చెప్పకపోతే? శుక్రవారానికి పెళ్లి చీర కొంగు డిజైన్ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

అంగడిలో పాతది కొనడానికి వచ్చిన తిప్పన్న అనే ఆయన స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు. "తెచ్చినారా?" అంటూ లేచాడు. శ్రీకాంత్ పాత పెట్టెను ఆయన వైపు జరపబోయాడు.

జ్యోతి తాడు ముడి గట్టిగా పట్టుకుంది. "ఆగన్నా! నాయనా... నేను తెలీకుండానే చెప్పినా."

"ఏమంటాండావు పాపా?"

"అంకె ఒక్కటే చూసి చెప్పినా. మన పని దాంట్లో ఎట్ల పోతాదో నాకు తెలీదు. హేమోళ్ల ఇంట్లో ఆగి ఆగి పోతాందంట." చెబుతూనే ఏడుపొచ్చేసింది.

నాగన్న మొహం వాడిపోయింది. జేబులోంచి సీడీ తీశాడు. పాతది ఇచ్చేస్తున్నాం కదా అని డిజైన్లన్నీ అందులో దాచుకున్నాడు.

"శ్రీకాంత్, రెండింట్లోనూ మా కొంగు డిజైన్ తెరిచి చూపియ్యప్పా."

రెండు కంప్యూటర్లలోనూ కొంగు మీది ఒకే నెమలికి ఒకే రంగు నింపారు. పాతదాంట్లో రంగు నిండిపోయింది. కొత్తది ఇంకా తోక దగ్గరే తడబడుతోంది.

శ్రీకాంత్ తల గోక్కున్నాడు. "రెండూ చవక రకాలే నాగన్నా. ప్రాసెసర్ పనికి కావల్సినవి పక్కనే కొన్ని దాచిపెట్టుకుంటాది. పాతదాంట్లో ఆ చోటు రెండింతలు. దీంట్లో చోటు తక్కువ. అందుకే ఆగి, మళ్లా దూరం పోయి తెచ్చుకోవల్ల. చిన్న పనులకు తెలీదు. మీ పెద్ద బొమ్మకు తెలిసిపోతాది."

"చిన్న కండె!" అనేసింది జ్యోతి కన్నీళ్లతోనే.

నాగన్న ఆమె వైపు చూసి ఫక్కున నవ్వాడు. పాత పెట్టె మళ్లీ దుప్పటిలోకి చేరింది. పాపం, తిప్పన్న మాత్రం ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. జ్యోతికి ఆయన్ను చూస్తే బాధేసింది.

"కోపమా నాయనా?" అంది దారిలో.

"భయమేసింది పాపా. ఇంగ రొంతసేపుంటే చేయి దాటిపోయేది." జ్యోతి ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది.

వీధి మొదట్లోనే పక్కింటి తిమ్మక్క ఎదురొచ్చింది. "వచ్చినావా కంప్యూటర్ మేడమ్! మా కిరణ్‌కు ఏది కొనల్లో చెప్పు. పెద్ద అంకెదే కదా?"

అరుగుల మీద అందరూ ఇటే చూస్తున్నారు.

"కిరణన్న దాంట్లో ఏం పని చేస్తాడత్తా?"

"అదేమో నాకేం తెలుసు!"

"నాకూ తెలీదు. అన్నను అడిగి, ఆ పని చేయించి చూసి చెప్తా."

"ఓసినీ! మేడమ్‌కే తెలీదంట!" అని ఎవరో నవ్వారు. జ్యోతి చెవులు వేడెక్కాయి. అయినా మాట మార్చలేదు.

ఇంట్లోకి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. బయట నుంచి హేమ పిలిచింది. "జ్యోతీ, ఆటకు రా!"

"ఉండు," అంది జ్యోతి రాట్నం తిప్పుతూ. "ఇంకా కండె నిండలేదు."