నూట ఎనభై ఎనిమిది సెంటీమీటర్ల అబద్ధం

"మీ ఎత్తెంతండీ?"

"నూట డెబ్బై ఆరు."

మదోకా రాస్తున్న పెన్ను ఆపి తలెత్తింది. నిజానికి తలెత్తలేదు, కాస్త దించింది. కౌంటరు ముందు నిలబడ్డ హిసాషి ముఖం కొంచెం కిందనే ఉంది మరి.

"నూట డెబ్బై ఆరా?"

"అవునండీ. మున్సిపల్ ఆఫీసులో మంచు కొలిచే ఉద్యోగం నాది. సెంటీమీటర్ల గురించి నాకు చెప్పకండి."

"చెప్పను. మీ నడినెత్తి మీద సుడి కనిపిస్తోంది, అంతే."

హిసాషి గబుక్కున టోపీ పెట్టుకున్నాడు.

జపాన్‌లోని కుచ్చాన్ ఊరి పైన, బిర్చి చెట్ల అడవిలో మంచు లోతు కొలిచే స్తంభం ఒకటుంది. ఇన్నాళ్లూ దాని దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దాయన రిటైరయ్యాడు. సోమవారం నుంచి ఆ పని హిసాషిది. అక్కడి మంచు జల్లించిన పిండిలా ఉంటుంది, అడుగేస్తే ఛాతీ దాకా దిగిపోతారు. కాళ్లకు బిగించుకుని జారే అతని పాత సన్న స్కీలు అందులో తేలవు. అందుకే గెంజో గారి స్కీల షాపుకొచ్చాడు.

వచ్చింది స్కీల కోసమే. కౌంటరు వెనక గెంజో గారి కూతురు మదోకా ఉంటుందనీ, ఆమె నవ్వితే ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుందనీ అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎత్తు మడమల బూట్లు వేసుకొచ్చేవాడు.

"బరువు?"

"డెబ్బై రెండు." అరవై కిలోల మనిషి ధైర్యంగా అన్నాడు.

"స్కీయింగ్ ఎలా చేస్తారు?"

"బ్రహ్మాండంగా."

మదోకా ఒక స్కీ తెచ్చి నేల మీద పెట్టింది. దాని ముందు కొస, వెనక కొస రెండూ పడవలా పైకి లేచి ఉన్నాయి. నడుము మాత్రమే నేలకు ఆనింది.

"చూశారా? ఇది పూర్తిగా నేలకు తగలదు. అందుకే గట్టి మంచు మీద తన అసలు పొడుగుకన్నా పొట్టి స్కీలా నడుస్తుంది. కాబట్టి మామూలుగా తీసుకునేదానికన్నా పొడుగు తీసుకోవాలి. మనిషి బరువున్నా, స్కీయింగ్ బాగా వచ్చినా ఇంకాస్త పొడుగు. మీరు చెప్పినవన్నీ నిజమైతే మీకు నూట ఎనభై ఎనిమిది."

"నిజమే."

"మళ్లీ ఆలోచించుకోండి. ఆ మంచు స్తంభం చుట్టూ చెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. మరీ పొడుగైతే తిరగదు."

"నాకు తిరుగుతుంది. ఇంతకీ మీ ఎత్తెంతండీ?"

ఈసారి తడబడటం ఆమె వంతయింది. మదోకా భుజాలు కొంచెం కుంచించుకుంది.

"నూట అరవై ఎనిమిది."

నూట డెబ్బై ఆరు సెంటీమీటర్ల మగవాడు నూట అరవై ఎనిమిది సెంటీమీటర్ల ఆడపిల్లను తలెత్తి చూస్తున్నాడు. లెక్క తప్పిందని ఇద్దరికీ తెలిసింది. ఒప్పుకోవడానికి ఇద్దరూ సిద్ధంగా లేరు.

"ఇక్కడ నేల ఏటవాలుగా ఉన్నట్టుందండీ," అన్నాడు హిసాషి.

"అవునవును! మీ వైపు పల్లం," అంది మదోకా ఊపిరి పీల్చుకుని.

వెనక గదిలో స్కీల అంచులకు సాన పడుతున్న గెంజో గారు ఆకురాయి పట్టుకునే బయటికొచ్చారు.

"ఏంటీ? ఏ నేల? ముప్పై ఏళ్ల కింద నా చేతులతో వేసిన నేల అది!"

"వంకరే నాన్నా."

"ఓ పదమూడు సెంటీమీటర్ల వాలుంటుందండీ," అన్నాడు హిసాషి, కొలిచే అలవాటు ఆపుకోలేక.

గెంజో గారి ముఖం వాడిపోయింది. ఆకురాయితోనే లోపలికి వెళ్లిపోయారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జీవితంలో మొదటిసారి ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి వచ్చిన సంతోషం ఇద్దరి ముఖాల్లోనూ ఉంది.

సోమవారం పొద్దున్న మంచు కురిసి వెలిసింది. హిసాషి కొత్తగా కొన్న ఆ పొడుగు స్కీలతో అడవిలోకి దిగాడు. తిన్నగా ఉన్నంతసేపు హాయిగా తేలిపోయాడు. తర్వాత చెట్లు వచ్చాయి. ఎడమకు తిప్పాడు. స్కీలు తిరగడం గురించి ఆలోచించి, వద్దనుకున్నాయి. ముందు కొసలు ఒక బిర్చి చెట్టుకు, వెనక కొసలు ఇంకో బిర్చి చెట్టుకు గట్టిగా బిగుసుకున్నాయి. రెండు చెట్ల మధ్య వంతెన పడింది. ఆ వంతెన మీద హిసాషి.

ఒక బూటు విడిపించుకుని కాలు కింద పెట్టాడు. తుంటి దాకా దిగిపోయింది. రెండోది విడిపిస్తే ఏమవుతుందో చూసే ధైర్యం లేకపోయింది. ఒక నక్క వచ్చి కాసేపు ఎదురుగా కూర్చుంది.

"వెళ్లవమ్మా," అన్నాడు హిసాషి. "ఇందులో చూడ్డానికేం లేదు."

గంట గడిచింది. వేళ్లు మొద్దుబారాయి. అప్పుడు పై నుంచి పొడి మంచు చిమ్ముకుంటూ మదోకా వచ్చి ఆగింది. వీపున ఇంకో జత స్కీలున్నాయి.

"మీరెలా వచ్చారు?"

"పొద్దున్నుంచీ నిలకడ లేదు. తప్పు పొడుగని తెలిసీ అమ్మాను. మీ అబద్ధానికి కోపమొచ్చి అమ్మాను. చెట్టుకు గుద్దుకుని ఉంటే?" ఆమె వీపున ఉన్న స్కీలు గబగబా దించింది. "ఇవి నూట డెబ్బై ఆరు. నూట అరవై తొమ్మిది సెంటీమీటర్ల మనిషికి సరిపోతాయి. అలాంటి వాళ్లెవరైనా తెలుసా?"

హిసాషి నక్కను చూశాడు. అది కూడా జవాబు కోసం చూస్తున్నట్టుంది.

"తెలుసు," అన్నాడు చివరికి. "బరువు అరవై. స్కీయింగ్ ఏదో మాదిరిగా వచ్చు. ఇప్పుడు చాలా భయంగా ఉంది."

"చలికా?"

"మీరు నవ్వుతారేమోనని."

మదోకా నవ్వలేదు. తన స్కీలతో అతని చుట్టూ మంచు తొక్కి గట్టిపరిచి, నిలబడటానికి చోటు చేసింది. ఆ పని చేస్తూ, అతని వైపు చూడకుండా అంది.

"నాది నూట డెబ్బై నాలుగు. మూడు పెళ్లిచూపులయ్యాయి. ముగ్గురూ పక్కన నిలబడి, వాచీ చూసుకుని వెళ్లిపోయారు."

"నా దగ్గర వాచీ లేదండీ."

"మణికట్టుకు ఉంది."

"ఆగిపోయింది. చలికి. ఇంక నడవదు."

ఈసారి ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది.

మదోకా ముందు, హిసాషి వెనక. ఆమె తెచ్చిన స్కీలు ఎటు తిప్పితే అటు తిరిగాయి. స్తంభం దగ్గర ఆగి లోతు రాసుకుని, కేరింతలు కొడుతూ ఊళ్లోకి దిగారు.

షాపు తలుపు తీసేసరికి ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. నేల సగం లేదు. పలకలన్నీ ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. గుంతలో మోకాళ్ల మీద కూర్చుని గెంజో గారు వాలు చూసే రసమట్టంలోకి చూస్తున్నారు.

"పది చోట్ల పెట్టాను," అన్నారాయన దీనంగా. "బుడగ మధ్యలోనే ఉంది. ఆ పదమూడు సెంటీమీటర్లు ఎక్కడున్నాయి బాబూ?"

హిసాషి నడుం వంచి, తల దాదాపు మోకాళ్లకు తగిలేలా దణ్ణం పెట్టాడు.

"అందులో ఏడు నా దగ్గరున్నాయండీ. అబద్ధం చెప్పాను."

"మిగతా ఆరూ నావి నాన్నా."

"అంటే నా నేల బాగానే ఉందా?"

"ఉండేది," అంది మదోకా.

ఆయన రసమట్టం పక్కన పెట్టారు. "ఎందుకు చెప్పారర్రా ఇన్ని అబద్ధాలు?"

"మీ అమ్మాయి నచ్చిందండీ," అన్నాడు హిసాషి, తల ఎత్తకుండానే.

"నీకేమైందే?"

"అదే నాన్నా. నాకూ అదే."

గెంజో గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. గుంతలోంచి లేచి, మోకాళ్లు దులుపుకుని, సుత్తి హిసాషి చేతికీ మేకుల డబ్బా కూతురి చేతికీ ఇచ్చారు.

"రోజూ ఆఫీసు కాగానే రా. భోజనం ఇక్కడే."

ఆ నేల మళ్లీ వేయడానికి పన్నెండు రోజులు చాలు. వాళ్లిద్దరికీ మంచు కరిగే దాకా పట్టింది. గెంజో గారు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.