నక్క ముఖం చూసిన రాజు

ఈ కథ గుర్తొస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. మధ్యలో ఎవరైనా ఆ రాజును పాపం అన్నారంటే మాత్రం అక్కడే ఆపేస్తాను.

వీరగిరి రాజ్యాన్ని చండకేతుడు ఏలేవాడు. పొద్దున్నే నక్క ఎదురైతే ఆ రోజంతా కలిసొస్తుందని అక్కడ అందరికీ నమ్మకం. ఎవరికైనా మంచి జరిగితే "నక్క తోక తొక్కి వచ్చావురా" అని ఆట పట్టించేవాళ్లు. అలా నవ్వుకుని ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. కానీ ఈ మహానుభావుడికి నక్క దానంతట అది ఎదురయ్యేదాకా ఆగే ఓపిక లేదు. పడకగది ముందు ఇనుప పంజరం పెట్టించి, అందులో నక్కను పెట్టి, కళ్లు తెరవగానే దాని ముఖం చూసేవాడు. రాజును చూసి మంత్రి, మంత్రిని చూసి సేనాపతి, తలా ఒక పంజరం తెప్పించుకుని కోటలో వరసగా పెట్టుకున్నారు. అడవిలో నక్క అన్నది లేకుండా పోయింది. నక్కలు లేకపోయేసరికి పొలాల్లో ఎలుకలు పెచ్చుమీరి, పంటంతా మేసేశాయి. జనం పస్తులుంటున్నారని చెబితే రాజు ఏమన్నాడో తెలుసా? ఇంకా మంచి నక్కను పట్టుకు రమ్మన్నాడు. అదీ ఆయనగారి తెలివి.

ఆ నక్కలన్నిటినీ పట్టినవాడు కొమ్మన అనే వేటగాడు. చివరికి అతడు, అడవిలో మహిమగలదని అందరూ చెప్పుకునే బంగారు నక్క పిల్లలను కూడా పట్టి తెచ్చాడు. ఆ తల్లి నక్క ఉసురు తగిలి, ఆ రోజే అతడి పాదాలు రాయిగా మారాయి. మర్నాటికి ఆ రాయి మోకాళ్లకు పాకింది. కొమ్మనకు బొమ్మక్క అని ఒక చెల్లెలు ఉంది. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లకు అన్న తప్ప ఎవరూ లేరు. రాయి అన్న గుండెను చేరకముందే ఏదో ఒకటి చెయ్యాలని ఆమె రాజు దగ్గరికి పరుగెత్తింది.

"మహారాజా, తమరు చెప్పారనే మా అన్న ఈ పని చేశాడు. ఆ పిల్లలను వదిలిపెట్టించండి" అని వేడుకుంది.

"మీ అన్న జాతకం బాగాలేదు. రేపు పొద్దున వచ్చి నా నక్క ముఖం చూసి పొమ్మను" అన్నాడు చండకేతుడు.

"కాళ్లు రాళ్లయినవాడు ఎలా నడిచొస్తాడు మహారాజా?"

రాజు ఆమెను బయటికి గెంటించాడు. బొమ్మక్క ఏడవలేదు. పళ్లు కొరుకుతూ, బంగారు నక్కనే అడుగుదామని అడవి దారి పట్టింది.

కొంత దూరం పోయాక బండమీద ఒక ముని కనిపించాడు. ఆమె నక్క జాడ అడిగింది.

"నక్క ఎదురవడమంటే సామాన్యం కాదు తల్లీ. అది తెలివికి గుర్తు. రాబోయే మార్పుకు గుర్తు. నీ ఆత్మకు..." అంటూ ముని మొదలుపెట్టాడు.

"స్వామీ, అక్కడ మా అన్న రాయైపోతున్నాడు. అది దేనికి గుర్తయితే నాకేంటి? ఇన్ని అర్థాలు చెబుతున్నారు, మీరు ఎప్పుడైనా దాన్ని చూశారా?"

ముని ముఖం చిన్నబోయింది. "లేదమ్మా. వాగు అవతల ఏడుపు మాత్రం వింటున్నాను" అని దారి చూపించాడు.

వాగు దగ్గర ఒక రాక్షసి అడ్డం కూర్చుంది. "ఒసే పిల్లా, ఇందాక బంగారు నక్క ఈ దారి దాటింది. అది మంచి శకునమా, చెడు శకునమా?" అని అడిగింది. మంచిదన్నవాళ్లను "నాకు మంచిదేలే" అని తినేది. చెడ్డదన్నవాళ్లను "నీకు చెడ్డదేలే" అని తినేది. అలా ఎంతమందిని మింగిందో దానికే తెలియదు.

బొమ్మక్కకు చిర్రెత్తుకొచ్చింది. "దాని పనిమీద అది పోతోంది. మధ్యలో నీకేంటి, నాకేంటి?"

అలాంటి జవాబు రాక్షసి ఎన్నడూ వినలేదు. బరబరా తల గోక్కుంది. చివరికి, "మరి ఇప్పుడు నిన్నేం చెయ్యాలే?" అంది.

"పక్కకు జరుగు" అంది బొమ్మక్క. రాక్షసి జరిగింది.

వాగు అవతల గుహలో బంగారు నక్క పడుకుని ఉంది. గుర్రమంత జంతువు, డొక్కలు ఎండిపోయాయి. బొమ్మక్క చేతులు జోడించబోయింది.

"దణ్ణం పెట్టావంటే కరుస్తాను. అదృష్టం అడగడానికి వచ్చావా? నాకే అదృష్టం ఉంటే నా పిల్లలు పంజరంలో ఎందుకుంటారు?" అంది నక్క.

"నాకు అదృష్టం వద్దు. మా అన్న కావాలి."

"నా పిల్లల్ని పట్టుకుపోయినవాడి కోసం నా దగ్గరికే వచ్చావా?"

"వాడు చేసింది తప్పే. నేను వెనకేసుకు రాను. దాన్ని దిద్దుకునే దారి చెప్పు."

నక్క ఆమెను ఎగాదిగా చూసింది. "పట్టిన చేతులే పంజరాలన్నీ తెరవాలి. గుండె రాయి కాకముందే తెరవాలి. నా వీపెక్కు" అంది.

వాళ్లు వచ్చేసరికి కొమ్మనకు నడుము దాకా రాయి వచ్చేసింది. ఊరివాళ్లు అతణ్ణి బండిమీద పడుకోబెట్టి కోటకు లాగారు. ఆకలితో మాడుతున్న భటులు తలుపులు వాళ్లే తీశారు. కొమ్మన ఒక్కొక్క పంజరం గడియా లాగుతుంటే రాయి పక్కటెముకల మీదికి పాకుతోంది. చివరికి రాజు పడకగది ముందు, బంగారు నక్క పిల్లలున్న పంజరం మిగిలింది. చండకేతుడు దానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇవి పోతే నా రాజ్యం ఏమవుతుంది?" అన్నాడు.

"రోజూ వాటి ముఖం చూశావు. ఒక్కరోజైనా మా ముఖాలు చూశావా?" అంది బొమ్మక్క. జనం రాజును పక్కకు నెట్టేశారు.

ఊపిరి అందకపోయినా కొమ్మన ఆఖరి గడియ లాగాడు. ఒంటిమీది రాయి పెంకులు పెంకులుగా రాలిపోయింది. పిల్లలు బయటికి దూకాయి. చండకేతుడు ఎగబడి ఒకదాన్ని ఒడిసి పట్టుకున్నాడు. వెంటనే అతడి పాదాలు రాయయ్యాయి.

"వదిలెయ్ మహారాజా. నా గతే నీకూ పడుతుంది" అన్నాడు కొమ్మన.

"నా అదృష్టం, నేను వదలను" అన్నాడు రాజు. ఆ మాటే అంటూ మెడదాకా రాయయ్యాడు, తర్వాత ఆ మాట కూడా ఆగిపోయింది. పిల్ల అతడి చేతుల్లోంచి జారి తల్లి దగ్గరికి పోయింది.

జనం అప్పటికప్పుడే బొమ్మక్కను రాణిని చేశారు. ఆమె మాత్రం అన్న దగ్గరికి వెళ్లి, అతడు చెయ్యి పట్టుకోబోతే విదిలించింది.

"పసిపిల్లల్ని పట్టడానికి నీకు చేతులెలా వచ్చాయన్నా?"

కొమ్మన తల దించుకున్నాడు. "వాటి తల్లి ఏడుస్తూ నా వెనకే వచ్చింది. తిరిగి చూస్తే తీసుకురాలేనని, చూడలేదమ్మా."

బొమ్మక్క అతడి గడ్డం పట్టుకుని ముఖాన్ని వీధివైపు తిప్పింది. బంగారు నక్క పిల్లల్ని నాకుతూ అడవివైపు నడుస్తోంది.

"ఇప్పుడు చూడు" అంది.

అవి కనుమరుగయ్యేదాకా అతడు చూస్తూనే ఉన్నాడు. అప్పుడు ఆమె అన్న చెయ్యి పట్టుకుంది.